ఇద్దరు హరితలు ఒక్కరైన వైనం

ఒక మనిషి ఈ లోకంలో ఒక్కసారే ఉండాలి. ఇన్నాళ్లూ ఇది ప్రకృతి చూసుకునే విషయమని మనం నిశ్చింతగా ఉన్నాం. ప్రకృతి ఆ పని సరిగ్గా చేయడం లేదని మొదట గుర్తించిన ఘనత నానక్‌రామ్‌గూడలోని సమగ్రిక్స్ సొల్యూషన్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు దక్కుతుంది.

కారణం చిన్నదే. దీపావళికి ఉద్యోగులందరికీ పంపే డ్రైఫ్రూట్ డబ్బా ఒక వైస్ ప్రెసిడెంటు గారింటికి రెండుసార్లు వెళ్లింది. ఆయన రెండూ పుచ్చుకున్నారు. విచారిస్తే, ఉద్యోగుల జాబితాలో ఆయన పేరు రెండు చోట్ల ఉన్నట్టు తేలింది. వెంటనే కఠిన చర్య తీసుకున్నారు. (జాబితా మీద. ఆయన మీద కాదు.)

ఈ పని కోసం ‘డూప్లికేషన్ నివారణ ప్రధానాధికారి’ అనే కొత్త పదవి పుట్టింది. దాన్ని ఉదయ్ భాస్కర్ గారు అలంకరించారు. ఆయన అంతకుముందు సరళీకరణ విభాగం చూసేవారు. ఆ విభాగానికి చాలా ఉపవిభాగాలు మొలిచి, ఏది ఎవరిదో ఎవరికీ అర్థం కాని దశకు చేరాక, సరళీకరణ పూర్తయిందని ప్రకటించి బయటపడ్డారు.

సాఫ్ట్‌వేర్ తెలియని పాఠకుల కోసం ఒక మాట. కంప్యూటరు భాషల్లో పేర్లను లిస్టుగా దాచుకోవచ్చు, సెట్‌గానూ దాచుకోవచ్చు. లిస్టులో ఒకే పేరు ఎన్నిసార్లయినా రావచ్చు. సెట్‌లో ఏదైనా ఒక్కసారే ఉంటుంది. అలాంటిదే రెండోది వస్తే సెట్ గొడవ చేయదు, హెచ్చరించదు. చప్పుడు లేకుండా వదిలేస్తుంది. లిస్టును సెట్‌గా మార్చడం ఈ కాలపు భాషల్లో ఒక్క లైను పని.

ఆ ఒక్క లైను రాసే బాధ్యత సందీప్ అనే ఇంజినీరు మీద పడింది. సందీప్‌ది సిద్దిపేట. రాసేముందు ఒక సందేహం వచ్చి ఉదయ్ భాస్కర్ గారిని అడిగాడు.

“సార్, ఇద్దరు ఒకటే అని ఎట్ల తెలుస్తది? దేన్ని చూసి ఒకటే అనుకోవాలె? అది మనమే చెప్పాలె సార్, సెట్‌కు తెల్వదు.”

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ‘సమానత్వ నిర్ణయ సంఘం’ ఏర్పడింది. (పేరు చూసి మహిళా ఉద్యోగులు కొందరు సంతోషించారు. అది ఆ సమానత్వం కాదు.) ఉద్యోగి నంబరు చూద్దామని ఒకరన్నారు. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉండటమే కదా రోగం అని ఇంకొకరు కొట్టేశారు. ఆధార్ అంటే న్యాయవిభాగం ఒప్పుకోలేదు. ఫోన్ నంబరు అంటే, అది మార్చినవాడు మనిషే మారిపోతాడా అని ఒక పెద్దాయన అడిగారు. దాంతో అదీ పోయింది. చివరికి, పేరూ పుట్టినరోజూ ఒకటైతే మనిషి ఒకటే అని తీర్మానించారు. పుట్టినరోజంటే తేదీ, నెల మాత్రమే. శుభాకాంక్షలు పంపే విభాగం దగ్గర అవే ఉన్నాయి. ఏ సంవత్సరంలో పుట్టారని అడగడం మర్యాద కాదని వాళ్లు ఆ గడి పెట్టలేదు.

మన బడుల్లో జూన్ ఒకటో తేదీన ఎంతమంది పుట్టారో సంఘంలో ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ కార్పొరేట్ బడుల్లో చదివినవాళ్లు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి సందీప్ ఆ లైను రాశాడు. కంపెనీ అంతా సెట్ అయిపోయింది.

ఆ సంస్థలో ఇద్దరు కె. హరితలు ఉండేవారు. ఒకరి ఇంటిపేరు కొండూరు, ఇంకొకరిది కర్రి. కంపెనీకి ఇంటిపేరులో మొదటి అక్షరం చాలు.

పెద్ద హరితది ప్రొద్దుటూరు. బ్యాంకులకు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని ఆమెది. ఎన్నో ఏళ్లుగా అదే సీటు. మణికొండలో కాపురం. భర్త రామాంజనేయులు శంకర్‌పల్లి వైపు ప్లాట్లు అమ్ముతాడు, అంటే అమ్మడానికి ప్రయత్నిస్తాడు. పెళ్లయిన చాలాకాలానికి, ఆస్పత్రుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఆమె ఇప్పుడు ఐదో నెల గర్భిణి. ఆమె పుట్టినరోజు జూన్ ఒకటి అని నిర్ణయించింది ఊళ్లో ఒకటో తరగతిలో చేర్చుకున్న హెడ్మాస్టరు.

చిన్న హరితది భీమవరం. ఆమె నిజంగానే జూన్ ఒకటిన పుట్టింది. ఫోన్ యాప్‌లకు తెరలు తయారుచేస్తుంది. నల్లగండ్లలో అమ్మానాన్నలతో ఉంటుంది. తండ్రి కామేశ్వరరావు గారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. తల్లి రత్నమాల గారు. రాజమండ్రి నుంచి జశ్వంత్ అనే అబ్బాయి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులయ్యాయి. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు.

ఇద్దరు హరితలూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. కంపెనీయే వాళ్లను పరిచయం చేసింది.

సోమవారం పొద్దున చిన్న హరిత ముందు వచ్చి కార్డు చూపించి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత పెద్ద హరిత వచ్చి కార్డు పెడితే గేటు ఎర్రలైటు వెలిగించింది. గేటు దగ్గరుండే సెక్యూరిటీ లక్ష్మీనారాయణ తెర చూసి అన్నాడు.

“మేడం, మీరు లోపలనే ఉన్నరు.”

“నేనీడ నిలబడి ఉంటే లోపల ఉండానంటావేందబ్బా?”

“గదే నాక్కూడ సమజ్ అయితలేదు. ఏడో ఫ్లోర్ల ఉన్నరని చూపెడుతుంది. ఇగ లోపలున్నోళ్లు మళ్లా లోపలికి ఎట్ల వస్తరు మేడం?”

“అయితే ఆ లోపల ఉండే నన్ను పిలువు. చూస్తాను.”

లక్ష్మీనారాయణ ఫోన్ చేశాడు. చిన్న హరిత కంగారుగా కిందికి దిగి వచ్చింది. గేటు దాటి బయటికి రాగానే ఎర్రలైటు పోయి పచ్చలైటు వచ్చింది. పెద్ద హరిత లోపలికి వెళ్లింది. ఇప్పుడు చిన్న హరిత బయట ఉండిపోయింది.

ఇలా గేటుకు అటొకరు ఇటొకరు నిలబడి వాళ్లిద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నారు.

“మీ పేరు కూడా హరితాండీ?”

“అవును. నీది జూన్ ఒకటేనా?”

“అవునండీ.”

“ఖర్మ,” అంది పెద్ద హరిత.

లక్ష్మీనారాయణ దయగల మనిషి. చిన్న హరితకు విజిటర్ కార్డు రాసిచ్చాడు. ఎవరిని కలవడానికి వచ్చారు అన్నచోట హరిత అని రాశాడు. సంబంధం అన్నచోట కాసేపు ఆలోచించి ‘తానే’ అని రాశాడు.

మానవ వనరుల విభాగంలో సరిత అనే ఆమె ఉండేది. కరీంనగర్ పిల్ల, చలాకీ మనిషి. ఇద్దరినీ కూర్చోబెట్టి, కంప్యూటరు చూసి, మళ్లీ వాళ్లను చూసింది.

“నాకు ఇద్దరు కనబడుతున్నరు. గని సిస్టమ్ల ఒక్కరే. నా కండ్లతోని నేను అప్రూవల్ ఇయ్యలేను కదా అక్కా.”

“మరి ఏం చేయాలండీ?” అంది చిన్న హరిత.

“కంప్లైంట్ పెట్టుర్రి. ఉద్యోగే పెట్టాలె.”

పెట్టారు. హరిత మీద హరిత ఇచ్చిన ఫిర్యాదుగా అది నమోదైంది. తన మీద తానే ఫిర్యాదు చేసుకునేవాళ్లను సంస్థ తేలిగ్గా తీసుకోదు. మర్నాడే మనోవికాస నిపుణురాలి దగ్గర అపాయింట్‌మెంటు ఇచ్చారు. ఆమె ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టుకుని, మిమ్మల్ని మీరు ప్రేమించుకోవడం నేర్చుకోండి అని చెప్పి పంపింది. (ఈ సలహా ఒక్కటే తర్వాత అమలయింది.)

ఆ తర్వాత ఉదయ్ భాస్కర్ గారే స్వయంగా పిలిపించారు. ఆయన ఎవరినైనా మీరు అనే పిలుస్తారు. ఒక్కరినీ మీరే అంటాం, ఇద్దరినీ మీరే అంటాం గనక తెలుగు వ్యాకరణం ఆయనకు పూర్తిగా సహకరించింది.

“మీరు బాధపడుతున్నారని తెలిసిందమ్మా. కానీ ఒకటి ఆలోచించండి. మీరు సెట్‌లో ఉన్నారా లేదా? ఉన్నారు. మిమ్మల్ని ఎవరూ తీసెయ్యలేదు. ఎన్నిసార్లు ఉన్నారన్నది సెట్‌కు సంబంధించిన ప్రశ్నే కాదు.”

“సార్, నేను ఐదో నెల. ఈ పిల్లకు పెండ్లి కూడా కాలేదు. ఇద్దరం ఒకటే అంటే ఎట్ల సార్?” అంది పెద్ద హరిత.

ఆయన చాలాసేపు సానుభూతిగా తలాడించారు. “అదే కదమ్మా మన సంస్థ వైవిధ్యం,” అన్నారు.

సందీప్‌కు మనసొప్పలేదు. తాను రాసిన లైను వల్ల ఎందరు మాయమయ్యారో లెక్క చూశాడు. ముగ్గురు శ్రీనివాసులు ఒకరయ్యారు. ఇద్దరు మహమ్మద్ రఫీలు ఒకరయ్యారు. సంస్థ జాబితా తిరిగి లిస్టుగా మార్చేస్తానని ఉదయ్ భాస్కర్ గారిని అనుమతి అడిగి, మార్చాడు. అదీ ఒక్క లైనే. లిస్టు వచ్చింది. అందులో హరిత ఒక్కతే ఉంది. సెట్‌లోకి పోయేటప్పుడు రాలిపోయినవాళ్లు తిరుగు ప్రయాణంలో ఎక్కరు.

“పాత లిస్టు బ్యాకప్ ఉంటది కదా సార్. అండ్లకెల్లి తీస్త,” అన్నాడు.

“బ్యాకప్ అంటే ఏమిటి సందీప్?” అని అడిగారు ఉదయ్ భాస్కర్ గారు, బడిపిల్లాణ్ని అడిగినట్టు.

“అసలుకు కాపీ సార్.”

“కాపీ అంటే డూప్లికేటే కదా. అందుకే అన్నిటికంటే ముందు దాన్ని తీసేయించాను.”

ఆ రోజు సందీప్ మధ్యాహ్నం భోజనం మానేశాడు.

జీతం సంగతి. హరిత జీతం హరితకు పడింది, అంటే పెద్ద హరితకు. చిన్న హరితకు ఏమీ ఇవ్వకుండా పని చేయించుకోవడం న్యాయం కాదని సరిత పైవాళ్లతో పోట్లాడింది. చివరికి ఉన్న పద్దుల్లో ఖాళీగా ఉన్నది చూసి, చిన్న హరితకు ఇవ్వాల్సిందంతా ‘కాఫీ పొడి’ కింద ఇప్పించింది. ఆ నెల నుంచి చిన్న హరిత కంపెనీ లెక్కల్లో కాఫీ పొడి.

రోజూ ముందు వచ్చిన హరిత తన కార్డుతో, తర్వాత వచ్చిన హరిత లక్ష్మీనారాయణ రాసిచ్చే విజిటర్ కార్డుతో లోపలికి వెళ్లేవారు. సీటు కూడా ఒకటే మిగిలింది. కుర్చీలో పెద్ద హరిత కూర్చునేది. చిన్న హరిత క్యాంటీన్ నుంచి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చునేది. ఇద్దరి పనులూ ఆ ఒక్క టేబుల్ మీదికే వచ్చేవి. తప్పులు పట్టే పనీ, తెరలు గీసే పనీ ఇద్దరూ పంచుకుని చేసేవారు. పెద్ద హరితకు వేవిళ్లు పోయి ఆకలి మొదలైంది. రత్నమాల గారు రోజూ రెండో డబ్బా కూడా కట్టి పంపేవారు. పనసపొట్టు కూర తిన్న రోజున పెద్ద హరిత ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది.

“అక్కా, ఏమైంది?”

“ఏం లేదే. మా అమ్మ పోయినాక నాకు డబ్బా కట్టినోళ్లు లేరు.”

చిన్న హరిత తన డబ్బాలో కూర కూడా అటు వేసింది.

ఈలోగా రాజమండ్రివాళ్లు తమ పద్ధతి ప్రకారం సమగ్రిక్స్‌కు ఒక మెయిల్ పెట్టారు. ఈ రోజుల్లో పెళ్లి మాటలకు ముందు అమ్మాయి ఉద్యోగం నిజమో కాదో విచారించుకోవడం మామూలే. సంస్థ నుంచి జవాబు దానంతటదే వెంటనే వెళ్లింది. కె. హరిత మా సంస్థ ఉద్యోగిని. వివాహిత. భర్త పేరు రామాంజనేయులు. ప్రస్తుతం ఆరో నెల. బీమా సదుపాయం ఉంది. ఆమె మాకు గర్వకారణం.

రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చిన మర్నాడే కామేశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సరిత ఎదురుగా కూర్చున్నారు.

“ఏవండీ, మా అమ్మాయికి పెళ్లే కాలేదండీ.”

“తెలుసు సార్. గని సిస్టమ్ల అయింది.”

“ఎప్పుడయిందండీ? నాకు తెలియకుండా?”

“జర కోపం చేయకుర్రి సార్. అది తప్పని మీరు రుజువు పెడితే మార్పిస్త. పెళ్లి కాలేదని సర్టిఫికెట్ తేవాలె.”

“కానిదానికి ఎవరిస్తారండీ సర్టిఫికెట్టు?”

సరిత అలాంటి ఫారం కోసం కంప్యూటర్లో వెతికింది. ట్రెజరీలో ఉన్నంతకాలం ఏటేటా పింఛనుదార్లను, మీరు బతికే ఉన్నట్టు కాగితం తెండి, అని పంపించినవారు కామేశ్వరరావు గారు. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా కాగితం కావాల్సిందేనని గట్టిగా చెప్పేవారు. ఆ పద్ధతిలో తప్పేముందో ఆయనకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసిందని కూడా చెప్పలేం. లేచి, సరితకు నమస్కారం పెట్టి వచ్చేశారు.

జశ్వంత్ మంచివాడు. తనే నల్లగండ్ల వచ్చి, పార్కు దగ్గర చిన్న హరితతో మాట్లాడాడు.

“నాకు నమ్మకం ఉందండీ. ఇలాంటివి మా ఆఫీసులో కూడా జరుగుతుంటాయి. కానీ మా ఇంట్లో ఆ మెయిల్ ప్రింట్ తీయించారు. మా మేనత్త లామినేషన్ కూడా చేయించింది.”

“మీరేమంటారు?”

“కంపెనీ నుంచి సరిచేసిన మెయిల్ ఒకటి వస్తే...”

“నేను మీ ఎదురుగా ఉన్నానండీ,” అంది హరిత. “నా కడుపు చూడండి. పొద్దున తిన్న ఇడ్లీ తప్ప ఏం లేదు.”

అతను చూడలేదు. సిగ్గుపడి నేల చూశాడు. మెయిల్ కోసం ఆగుతానన్నాడు. ఆగక్కర్లేదని చెప్పి ఆమె ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చింది. మర్నాడు స్టూలు మీద కూర్చుని ఎప్పటిలా పని చేసింది. విషయం పెద్ద హరితకు చెప్పింది మాత్రం వారం తర్వాత.

“నా వల్లనే కదే,” అంది పెద్ద హరిత.

“మీరేం చేశారక్కా? నేనేం చేశాను?”

ఇద్దరూ ఆలోచించారు. ఎవరూ ఏమీ చేయలేదు. అందరూ తమ పని సక్రమంగానే చేశారు. ఇలాంటి సందర్భాల్లో కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక మనిషి చిక్కిపోతాడు.

ఎనిమిదో నెల వచ్చింది. పెద్ద హరిత ప్రసూతి సెలవు అడిగింది. సెలవు మంజూరైంది. ఆమె ఇంట్లో పడుకుంది. ఆ మర్నాడు చిన్న హరిత ఎప్పటిలా ఆఫీసుకు వచ్చి కార్డు చూపించి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి పెద్ద హరిత ఫోనుకు సందేశం వచ్చింది: సెలవులో ఉండి ఆఫీసుకు హాజరైనందున మీ సెలవు రద్దయింది. మీ అంకితభావానికి అభినందనలు.

ఆమె ఫోన్ చేసి చెప్పగానే చిన్న హరిత సరిత దగ్గరికి పరుగెత్తింది.

“ఏమన్నా చేయండి. ఆమెను డాక్టరు లేవొద్దన్నారు.”

సరిత తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పింది. “ఒకటే తొవ్వ ఉంది. హరిత సెలవుల ఉంటే హరిత రావద్దు. నేను ఇవాళ్టి హాజరు ఎట్లనో తీపిస్త. రేపటి సంది నువ్వు కూడ ఇంట్ల ఉండాలె.”

“ఎన్నాళ్లు?”

“ప్రసూతి సెలవు ఎన్నాళ్లో అన్నాళ్లు.”

కాఫీ పొడికి ప్రసూతి సెలవు లేదు. ఆ నెలలన్నీ చిన్న హరితకు ఏమీ రాదు. ఆమె ఇంటికి వెళ్లి అన్నం తినేటప్పుడు చెప్పింది, తాను రేపటి నుంచి ప్రసూతి సెలవులో ఉంటానని. కామేశ్వరరావు గారు ముద్ద కలపడం ఆపేశారు.

“బుద్ధుందా? ఎవరి పిల్లకోసమో నువ్వు ఇంట్లో కూర్చుంటావా? అపార్ట్‌మెంట్లో ఏమని చెప్పమంటావు?”

“ఏమీ చెప్పకండి నాన్నా.”

రత్నమాల గారు ఆయన కంచంలో పెరుగు వేసి అన్నారు. “ఆ అమ్మాయికి తల్లి లేదండీ. ఉంటే మన పిల్ల తోడుకు వెళ్లక్కర్లేదు.”

కామేశ్వరరావు గారు పెరుగన్నం తిన్నారు.

ఆ తర్వాతి నెలల్లో చిన్న హరిత మణికొండకు షేర్ ఆటోల్లో తిరిగింది. రామాంజనేయులు ప్లాట్లు చూపించడానికి వెళ్లినప్పుడు తోడుండేది. నొప్పులు వచ్చిన రోజున ఆస్పత్రిలో చేర్చింది ఆమే. బీమా కాగితాల మీద గర్భిణి పేరు హరిత, తోడు వచ్చినవారి పేరు హరిత అని చూసి అక్కడి గుమస్తా రెండోది కొట్టేయబోతే, చేయి పట్టుకుని ఆపింది. ఆడపిల్ల పుట్టింది. పెద్ద హరిత ఒంట్లో ఓపిక లేదు. చిన్న హరిత చేయి మాత్రం పట్టుకుని వదల్లేదు.

సంస్థ కూడా ఆనందించింది. ఉద్యోగినులకు బిడ్డ పుడితే పంపే కానుక పంపింది. పెద్ద హరిత మణికొండకు మారినప్పుడు పాత చిరునామా తీసేయించి, కొత్తది ఇవ్వలేదు. ఆ ఖాళీని సిస్టమ్ కాఫీ పొడి పద్దులో ఉన్న చిన్న హరిత చిరునామాతో నింపుకుంది. ఆదివారం పొద్దున నల్లగండ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గులాబీ రంగు ఊయల, దానికి కట్టిన బెలూన్లు, ‘కొత్త అమ్మ హరితకు’ అని పెద్ద అక్షరాల బోర్డు దిగాయి. అప్పుడే కింద కామన్ హాల్లో మెయింటెనెన్స్ మీటింగ్ జరుగుతోంది. అందరూ చూశారు. లిఫ్టు పనిచేయడం లేదు. కామేశ్వరరావు గారు ఊయల భుజాన పెట్టుకుని, బెలూన్లు ముఖానికి తగులుతుంటే, ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కారు. మొదటి అంతస్తు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, కింద ఉన్నవాళ్లతో అన్నారు.

“ఆడపిల్లండీ. తల్లీబిడ్డా క్షేమం.”

ఆ మధ్యాహ్నమే ఊయల ఆటోలో మణికొండ చేరింది. కామేశ్వరరావు గారే తీసుకెళ్లి, స్క్రూలు బిగించి, బిడ్డను చూసి వచ్చారు.

సెలవు పూర్తయ్యే రోజులు దగ్గరపడ్డాయి. రామాంజనేయులు ప్లాట్లు ఇంకా కదలడం లేదు. పెద్ద హరిత ఉద్యోగం మీదే ఇల్లు నడవాలి. చిన్న హరిత ఒక ఆలోచన చేసింది. తను రాజీనామా చేస్తే, ఆ పేరు, ఆ సీటు, ఆ గేటు అన్నీ అక్కకే మిగులుతాయి. తనకు ఇంకో చోట ఉద్యోగం దొరక్కపోదు. అక్కతో అంటే ఒప్పుకోదని, చెప్పకుండానే ఒకరోజు రాజీనామా పంపేసింది.

సిస్టమ్ దాన్ని వెంటనే ఆమోదించింది. హరిత ఉద్యోగం మానేసింది.

పెద్ద హరితకు సేవలకు కృతజ్ఞతలు తెలుపుతూ సందేశం వచ్చినప్పుడు బిడ్డకు నలుగు పెడుతోంది. చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ చేసింది.

“ఏమ్మే, నన్నడక్కుండా నన్ను మాన్పించినావా?”

“అక్కా, నేను నన్ను మాన్పించుకున్నాననుకున్నాను...”

“అనుకున్నావా! నీ మంచితనం పాడుగాను! ఇంట్లో బియ్యం నేను తెస్తే ఉడుకుతాయే. ఏమని చెప్పేది నా మొగునికి?”

ఫోన్ పెట్టేసింది. చిన్న హరిత ఆటో ఎక్కి మణికొండ వెళ్లింది. తలుపు తీసినా పెద్ద హరిత ముఖం తిప్పుకుంది. చిన్న హరిత గోడకు ఆనుకుని నిలబడింది. లోపల బిడ్డ ఏడిస్తే ఇద్దరూ ఒకేసారి కదిలారు. పెద్ద హరిత ఆగింది.

“నువ్వే ఎత్తుకో. నా చేతికి పిండుంది,” అంది. ఆ నలుగుపిండి ఎప్పుడో ఎండి రాలిపోయింది.

సరిత శాయశక్తులా ప్రయత్నించింది. మానేసిన మనిషిని తిరిగి చేర్చుకునే నియమం సంస్థలో లేదు. సందీప్ తన ఆఖరి ప్రయత్నంగా హరిత రెండుసార్లు ఉండాల్సిందని వివరంగా రాసి పైకి పంపాడు. ఇప్పుడు ఒక్కసారి కూడా లేదు కాబట్టి సమస్య పరిష్కారమైందని జవాబు వచ్చింది. ఉదయ్ భాస్కర్ గారికి ఆ ఏడాది ఉత్తమ అధికారి పురస్కారం ఇచ్చారు.

హరితలిద్దరూ మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో వేరువేరు చోట్ల చిన్న కంపెనీల్లో చేరారు. ఒకేచోట రెండు ఖాళీలున్నా చేరకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నారు. పగలు బిడ్డను రత్నమాల గారు చూసుకుంటున్నారు. చిన్న హరితకు సంబంధాలు వస్తున్నాయి. కంపెనీకి మెయిల్ పెట్టుకుంటామన్నవాళ్లను కామేశ్వరరావు గారు కాఫీ ఇచ్చి పంపేస్తున్నారు.

సమగ్రిక్స్‌లో మాత్రం హరిత పోయిన చోట పనులు పేరుకుపోయాయి. ఎంత సమర్థులను పెట్టినా ఒక్కరి వల్ల కాలేదు. లోతుగా అధ్యయనం చేసి, హరిత చేసిన పనికి ఇద్దరు మనుషులు కావాలని సంస్థ గుర్తించింది. గత వారం ప్రకటన ఇచ్చింది. కావలసిన అర్హతలన్నీ వివరంగా రాసి, అడుగున, దరఖాస్తుదారులకు ధైర్యం కలగాలని కాబోలు, ఒక వాక్యం చేర్చింది: మా సంస్థలో ప్రతి ఉద్యోగీ ప్రత్యేకమే.